ఆడిల్‌స్ట్రాప్‌లో ఉన్నవి వాములా, కుప్పలా?

అరసున్న:
ఒక పాదం రెండు రోజులుగా వదలట్లేదు. ఇంగ్లీషు కవి ఎడ్వర్డ్ థామస్ ‘ఆడిల్‌స్ట్రాప్’ పద్యం మూడో చరణం. తన రైలు ఆ పేరుగల పల్లె స్టేషన్లో ఊరికే ఆగిన సంగతి. ఎండిన గడ్డి ఏవో, పైన మబ్బుతునకలు, రెండూ ఒకేలా కదలకుండా ఉన్నాయన్న పోలిక. తెలుగులో చదివినప్పుడు అక్కడ ‘గడ్డివాములు’ అని ఉన్నట్టు గుర్తు. ‘కుప్పలు’ అనాలా?

శకటరేఫ:
వాము కానే కాదండీ. మూలంలో ఉన్నది హేకాక్, హేరిక్ కాదు. జూన్‌లో పచ్చికను పొద్దున్నే, మంచు తడి ఉండగానే కొడవలితో కోస్తారు, తడి మీదే చక్కగా తెగుతుంది కాబట్టి. పగలంతా తిరగేసి ఆరబెడతారు. సాయంత్రానికి వరసలుగా లాగి, నడుమెత్తున కోసుగా పోగులు పెడతారు. ఆ పోగే హేకాక్. రాత్రి మంచు పై పొరతోనే ఆగిపోతుంది. మర్నాడు ఎండెక్కాక మళ్ళీ విప్పుతారు. రెండు మూడు రోజులు ఇలా సాగాక బండికెత్తి రిక్ వేస్తారు. మన వాముకి సాటి వచ్చేది అది. పైగా పోలిక చూడండి: మబ్బుతునకల్లాంటివి అన్నప్పుడు పొలమంతా చెదురుమదురుగా ఉండే చిన్నవే కావాలి. వాము ఒకే చోట కొండలా ఉంటుంది.

వలపలగిలక:
అంతవరకూ బాగుంది గానీ ‘కుప్ప’ కూడా చిన్నది కాదే! కోసి పరిచింది పన, పనలు కట్టి పేర్చింది కుప్ప, కుప్ప నూర్చాక మిగిలిన గడ్డి వాము. కుప్పనూర్పిళ్ళు ఎరిగినవాడెవడూ కుప్పని నడుమెత్తు అనుకోడు. ‘పోగు’ అనండి, పీడా పోతుంది.

శకటరేఫ:
పోగు చప్పగా ఉంది. పైగా నూలుపోగు గుర్తొస్తుంది.

అరసున్న:
వరిగడ్డికీ దీనికీ తేడా లేదా? వాము అంటే నాకు వరిగడ్డే తోస్తుంది.

శకటరేఫ:
తేడా అంతా అక్కడే ఉంది. నూర్పు నాటికే వరిగడ్డి చాలావరకు ఆరిపోయి ఉంటుంది. పచ్చిక కోసినప్పుడు ముప్పాతిక వంతుకు పైగా నీరే. సుమారు 20 శాతానికి దిగకుండా రిక్ వేస్తే లోపల పులిసి వేడెక్కుతుంది, నల్లబడుతుంది, కొన్ని వారాల తర్వాత దానంతటదే అంటుకోవచ్చు కూడా. అందుకే ఇనుపకడ్డీ లోపలికి పొడిచి, కాసేపాగి లాగి, చేత్తో పట్టి చూస్తారు. పట్టుకోలేకపోతే రిక్ విప్పేయాల్సిందే. ‘ఎండిన’ అన్న విశేషణం ఊరికే పడలేదని నా వాదం. ఊరు సున్నపురాతి కొండవాలున ఉన్నా, రైలు పోయేది ఈవెన్‌లోడ్ ఏటి పల్లంలో. కింద బంకమన్ను, నీరు ఇంకదు. పద్యంలో కనిపించే విల్లో చెట్లు, మెడోస్వీట్ పూలమొక్కలు కావలసినంత పెరిగే చెమ్మనేల. అక్కడ గడ్డి ఎండిందంటే వార్తే.

వలపలగిలక:
మెడోస్వీట్ మీద అంత నమ్మకం పెట్టుకోకండి. 1914 జూన్ 24 నాటి థామస్ నోటుపుస్తకంలో ఆడిల్‌స్ట్రాప్ దగ్గర రాసుకున్నవి విల్లోలు, 12.45కి వరసగా బ్లాక్‌బర్డ్‌ల పాట, ఆవిరి బుస, మనిషి జాడ లేకపోవడం. విల్లోహెర్బ్, మెడోస్వీట్, పొడవాటి గడ్డి అదే లైన్లో ఇంకా ముందున్న క్యాంప్‌డెన్ బయట ఆగినప్పటివి. 1915 జనవరిలో పద్యం కట్టేటప్పుడు రెండుచోట్ల ఆగినదాన్నీ కలిపేశాడు. మీ బంకమన్ను సిద్ధాంతానికి సగం సాక్ష్యం వేరే స్టేషనుది!

అసలు మాట్లాడుకోవలసింది ఊరిపేరు. పాత పత్రాల్లో అది టకారంతో మొదలయ్యేది. ‘ఎట్’ అనే విభక్తి పక్కన చేరి చేరి, పేరులోని ట్ దానిదే అనుకుని వదిలేశారు. నారింజకి మన దగ్గర నకారం నిలిచింది, పడమటికి పోతూ ‘ఆరెంజ్’ అయింది చూడండి, అదే జబ్బు. చివరి ‘ట్రాప్’ పాత ఇంగ్లీషు థ్రాప్, అంటే మన శివారు పల్లె. థార్ప్ అన్నా అదే మాట, రేఫ ముందుకు జరిగి థ్రాప్ అయింది. తమిళ ఉరల్ మనకు రోలు కాలేదూ?

శకటరేఫ:
రేఫ ఎక్కడున్నా మీరు అక్కడికే చేరతారు లెండి.

అరసున్న:
పద్యం చివర్లో పక్షులన్నీ ఆక్స్‌ఫర్డ్‌షైర్, గ్లాస్టర్‌షైర్ కౌంటీలవి అంటాడు. ఊరు గ్లాస్టర్‌షైర్, తూర్పున సరిహద్దు దాటితే ఆక్స్‌ఫర్డ్‌షైర్. సరిపోయింది కదా?

వలపలగిలక:
సరిపోలేదు! 1914లో ఉత్తరాన ఈవెన్‌లోడ్ గ్రామం, దక్షిణాన డేల్స్‌ఫర్డ్ రెండూ వూస్టర్‌షైర్ తునకలు. 1931లోగానీ గ్లాస్టర్‌షైర్‌లో కలవలేదు. దగ్గర్లోని మోర్టన్ ఊరి పక్కన నాలుగు కౌంటీలు కలిసే చోట నిలిపిన రాయి ఉంది, ఆ మార్పుతో అక్కడ కలిసేవి మూడే అయ్యాయి. పక్కనే పాడే వూస్టర్‌షైర్ పిట్టల్ని కవి మినహాయించాడు. ఛందస్సు కోసమే అంటాను. డేల్స్‌ఫర్డ్ అంటే మన వారన్ హేస్టింగ్స్ 1788లో కొని, 1818లో పోయాక పూడ్చబడ్డ ఊరే.

శకటరేఫ:
ఆ పాదంలో ఆక్స్‌ఫర్డ్‌షైర్ ముందు, గ్లాస్టర్‌షైర్ తర్వాత. చూపు దగ్గర్నించి దూరానికి పోతోందనుకుంటే వరస తలకిందులు. ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చే రైలు వరస అది. ఛందస్సు కాదు.

వలపలగిలక:
రైలు వరస అయితే తర్వాతది వూస్టర్‌షైరే. ఆ లైను చేరేదే వూస్టర్‌కి.

అరసున్న:
స్టేషను 1966లో మూతపడింది, బోర్డు ఇప్పుడు ఊళ్ళో బస్ షెల్టర్‌లో ఉంది. అదైనా చూసొచ్చు. నా పాదం సంగతి? ‘ఎండిన గడ్డిపోగులు’ అని పెడుతున్నాను.

శకటరేఫ:
పెట్టకండి. ‘బోగులు’ అవుతుంది. గడ్డి + పోగు, సరళాదేశం చూసుకోండి.

వలపలగిలక:
గడ్డి ద్రుతాంతం కాదండీ, చివర నకారం లేదు. పకారం బకారమయ్యే సరళాదేశం ఎక్కడిది?