కెనడా పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) పోలీస్ సర్టిఫికెట్లు: ఏ దేశానివి, ఏ తేదీవి?

అందరికీ నమస్కారం. మేము బ్రాంప్టన్ వచ్చి ఎనిమిది నెలలైంది. మొన్న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పీఆర్‌కి ఆన్‌లైన్ దరఖాస్తు పద్ధతి) ఐటీఏ, అంటే దరఖాస్తు పెట్టమనే ఆహ్వానం, వచ్చింది. నేను 2019 వరకు హైదరాబాద్‌లో ఉన్నాను, ఆ తర్వాత డాలస్‌లో హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద పనిచేసి ఇటు వచ్చాను. మా ఆవిడ పెళ్లికి ముందు రెండేళ్లు దుబాయ్‌లో ఉద్యోగం చేసింది. 2018లో గల్ఫ్ ఉద్యోగానికి ప్రయత్నించినప్పుడు తీసుకున్న ఇండియా పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) నా దగ్గర ఉంది. అది పనికొస్తుందా? మిగతావి ఎక్కడ మొదలుపెట్టాలి? చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పగలరు.

—

నమస్తే అండీ. ముందుగా ఇద్దరికీ శుభాకాంక్షలు.

ఐటీఏ వచ్చిన రోజు నుంచి మీకున్నది 60 రోజులు. 2018 జూన్‌కి ముందు 90 రోజులు ఇచ్చేవారు, ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి ఈ వారంలోనే రెండు పనులు కదిలించండి: అమెరికాకి వేలిముద్రలు, ఇండియా పీసీసీ దరఖాస్తు. ఉద్యోగ లెటర్లు, బ్యాంకు కాగితాలు, మెడికల్ తర్వాత చూసుకోవచ్చు. అవి మనం పరిగెత్తితే అయిపోతాయి. పోలీస్ సర్టిఫికెట్ అలా కాదు, ఎంత పరిగెత్తినా అది వచ్చినప్పుడే వస్తుంది.

మీ 2018 పీసీసీ పక్కన పెట్టేయండి, పనికిరాదు. గత పదేళ్లలో, 18 ఏళ్లు నిండిన తర్వాత, వరుసగా ఆరు నెలలు లేదా అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి దేశం నుంచీ సర్టిఫికెట్ కావాలి. కెనడాలో ఉన్న కాలానికి మాత్రం అడగరు. వదిలి వచ్చేసిన దేశానిదైతే, మీరు అక్కడ చివరిసారి నివాసం ఉన్న తర్వాత జారీ అయినదై ఉండాలి. మీరు హైదరాబాద్ వదిలింది 2019లో, కాగితం 2018ది. పైగా మన పీసీసీ ఏ దేశం కోసం అడిగామో ఆ దేశం పేరు మీదే ఇస్తారు. గల్ఫ్ కోసం తీసుకున్నది కెనడాకి చెల్లదు. ఇప్పుడు ఇండియాలోనే ఉంటూ అప్లై చేసేవాళ్లకి నియమం వేరు, వాళ్ల పీసీసీ దరఖాస్తు నాటికి ఆరు నెలల లోపుదై ఉండాలి. ఈ రెండు నియమాలూ కలగలిపి చెప్పేవాళ్లు ఎక్కువ, అందుకే విడదీసి రాస్తున్నాను.

ఇంకో మాట, మీరు రాయలేదు కానీ అడుగుతున్నాను. మీ ఆవిడ డాలస్‌లో మీతో హెచ్‌4 (హెచ్‌1బీ వాళ్ల జీవిత భాగస్వామికిచ్చే వీసా) మీద ఆరు నెలలు దాటి ఉన్నారా? ఉంటే ఆమెకి ఇండియా, దుబాయ్‌తో పాటు అమెరికాది కూడా కావాలి. రాకపోకల తేదీలు గుర్తులేకపోతే పాస్‌పోర్టు ముద్రలు చూడండి, అమెరికావి ఐ-94 (అక్కడి రాకపోకల రికార్డు) వెబ్‌సైట్‌లో కూడా దొరుకుతాయి.

అమెరికా సర్టిఫికెట్ అంటే ఎఫ్‌బీఐ ఇచ్చే ఐడెంటిటీ హిస్టరీ సమ్మరీ. ఎఫ్‌బీఐ సైట్‌లో దరఖాస్తు పెట్టి 18 డాలర్లు కడితే ధ్రువీకరణ ఈమెయిల్ వస్తుంది. అమెరికాలో ఉంటే కొన్ని పోస్టాఫీసుల్లోనే మెషీన్ మీద వేలిముద్రలు తీసి పంపిస్తారు, ఇక్కడ ఆ వీలు లేదు. వేలిముద్రలు తీసే ఏజెన్సీకి వెళ్లి కార్డు మీద సిరాతో వేయించుకుని, ఆ ఈమెయిల్ ప్రింట్ జతచేసి, వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌కి కొరియర్ చేయాలి. ట్రాకింగ్ ఉన్న కొరియరే వాడండి. త్వరగా తెప్పిస్తామని చెప్పే చానెలర్ల (ఎఫ్‌బీఐ అనుమతి ఉన్న ప్రైవేటు సంస్థల) దగ్గరికి వెళ్లి డబ్బు పోగొట్టుకోకండి. ఆ సదుపాయం అమెరికా పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకీ మాత్రమే, హెచ్‌1బీ మీద ఉండి వచ్చిన మనకి లేదు. 2023 జూలైలో హెచ్‌1బీ వాళ్లకోసం కెనడా ఓపెన్ వర్క్ పర్మిట్‌కి దరఖాస్తులు తెరిస్తే 10,000 దరఖాస్తులు రెండు రోజులు తిరక్కుండానే నిండిపోయాయి. ఆ దారిలో వచ్చి పీఆర్‌కి వెళ్లేవాళ్లకి కూడా ఈ క్లార్క్స్‌బర్గ్ కొరియర్ తప్పదు.

వేలిముద్రల దగ్గర జాగ్రత్త. నేను జనవరిలో వేయించుకున్నాను. చలికి వేళ్లు పొడిబారి, రోజూ గిన్నెలు తోమే చేయి కావడంతో కుడి బొటనవేలి గీతలు దాదాపు అరిగిపోయి ఉన్నాయి. ముద్రలు తీసిన అబ్బాయి తొందరలో ఉన్నాడు, సిరా ఎక్కువ రాశాడు. కార్డు మీద నా బొటనవేలు ఒక నల్లటి మచ్చలా పడింది. అప్పుడే అడగాల్సింది, మొహమాటపడి ఊరుకున్నాను. ముద్రలు తేటగా లేవని తిరిగొచ్చింది, మూడు వారాలు పోయాయి. రెండోసారి నాలుగు రాత్రులు కొబ్బరినూనె రాసుకుని పడుకున్నాను. వేయించుకునే రోజు పొద్దున సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకుని వెళ్లాను. ఒక్కో గీతా విడివిడిగా కనిపిస్తోందా అని కిటికీ దగ్గర వెలుతురులో చూసుకున్నాకే డబ్బు ఇచ్చాను. ఒకే కవరులో రెండు కార్డులు పెట్టాను. ఒకటి సరిగ్గా లేకపోయినా ఇంకోటి అందుకుంటుంది. మీరూ రెండు వేయించుకోండి.

ఇండియా పీసీసీకి పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లో విదేశాల్లో ఉన్నవాళ్లకోసం విడిగా ఉన్న భాగంలో ఫారం నింపి, ప్రింట్ తీసి బీఎల్‌ఎస్ సెంటర్‌లో (ఇండియా కాన్సులేట్ తరఫున దరఖాస్తులు తీసుకునే చోటు) ఇవ్వాలి. మీకు బ్రాంప్టన్‌లోనే ఉంది. పాస్‌పోర్టు, దాని కాపీలు, వర్క్ పర్మిట్, ఇక్కడి చిరునామా రుజువు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో రెండంగుళాల ఫోటోలు పట్టుకెళ్లండి. ఫీజు, కాగితాల జాబితా వెళ్లే రోజు ఇంకోసారి సైట్‌లో చూసుకోండి, మారుతుంటాయి.

ఈ ఫారంలో అన్నిటికంటే ముఖ్యమైన గడి ఇండియా చిరునామా. మీ పాస్‌పోర్టు మీద ఇండియా వివరాలతో పాత రికార్డు స్పష్టంగా ఉంటే త్వరగా తేలిపోతుంది. లేదంటే ఆ చిరునామా ఉన్న పోలీస్ స్టేషన్‌కి విచారణకి వెళ్తుంది. నేను పాస్‌పోర్టులో ఉందికదా అని మేం ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె ఇంటి చిరునామా రాశాను. ఫోన్ నంబరు నాన్నగారి పాతది. కానిస్టేబుల్ వెళ్లారు, అక్కడ ఉంటున్న కొత్తవాళ్లు మేమెవరమో తెలియదన్నారు, ఫోన్ మోగలేదు. ఆ చిరునామాలో లేరని రిపోర్టు వెళ్లిపోయింది. మళ్లీ ఖమ్మంలో అమ్మావాళ్ల ఇంటి చిరునామాతో మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. రెండోసారి అమ్మ వరండాలో కుర్చీ వేసుకుని, నా పాస్‌పోర్టు కాపీ, ఆధార్ కాపీ, తన ఆధార్, కరెంటు బిల్లు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వారం రోజులు ఎదురుచూసింది. పక్కింటి మామయ్యగారికీ ఎదురింటి టీచర్‌గారికీ ముందే చెప్పి ఉంచింది. వాళ్లిద్దరూ సాక్షి సంతకాలు పెట్టారు. కానిస్టేబుల్ వచ్చి వెళ్లింది పావుగంటలో.

కాబట్టి మీ ఇంట్లోవాళ్లు నిజంగా ఉండే ఇల్లు, వాళ్లు నిజంగా ఎత్తే ఫోన్ నంబరు రాయండి. ఈ రోజే ఇంటికి ఫోన్ చేసి చెప్పండి. తెలియని నంబరు నుంచి వచ్చినా ఎత్తమనండి. మీరు కెనడాలో ఉన్నారని దాచొద్దనీ, ఉన్నది ఉన్నట్టే చెప్పమనీ చెప్పండి. ఈ విచారణకి ఇంటికి వచ్చినవాళ్లకి కట్టాల్సిన రుసుము ఏదీ లేదు, అది కూడా పెద్దవాళ్లకి తెలియాలి.

పేర్ల విషయం. మన ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనక, ఒక చోట ఒక్క అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో మొత్తం పేరు ఒకే గడిలో ఉన్నవాళ్లకి అమెరికా కాగితాల్లో ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. ఇవన్నీ, మీ ఆవిడ పెళ్లికి ముందు పేరుతో సహా, ఇతర పేర్లు అని అడిగిన ప్రతిచోటా రాసేయండి. ఒకటి వదిలేస్తే తర్వాత ప్రశ్న వచ్చేది దానిమీదే.

దుబాయ్‌ది దుబాయ్ పోలీస్ సైట్‌లో అప్లై చేసుకోవచ్చు. ఆమె పాత ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు), రద్దయిన రెసిడెన్స్ వీసా పేజీ కాపీలు ఉన్నాయేమో ముందు వెతకండి. సర్టిఫికెట్ ఇంగ్లిష్‌లో అడగండి. అరబిక్‌లో వస్తే అనువాదం చేయించి జతచేయాలి, అదో ఖర్చు.

—

అక్కా, చాలా చాలా థ్యాంక్స్. మా ఆవిడ డాలస్‌లో 14 నెలలు ఉంది, ఆమెకి కావాలనే సంగతే మాకు తెలియదు. రేపు శనివారం ఇద్దరం వేలిముద్రలకి వెళ్తున్నాం. ఒకటే భయం, 60 రోజుల్లో ఏదైనా ఒకటి రాకపోతే ఏం చేయాలి? ఐటీఏ పోతుందా?

—

అక్కా అన్నావు కాబట్టి ఇక నువ్వు అనే రాస్తాను తమ్ముడూ.

రాకపోతే ఆ గడి ఖాళీగా వదిలి మాత్రం సబ్మిట్ చేయకు. అసంపూర్తి దరఖాస్తుని వెనక్కి పంపేస్తారు. ఆ సర్టిఫికెట్ పెట్టాల్సిన చోట ఒక వివరణ లెటర్, దానితో పాటు నువ్వు ప్రయత్నించిన రుజువులు కలిపి ఒకే పీడీఎఫ్‌గా పెట్టు. డబ్బు కట్టిన రసీదు, కొరియర్ ట్రాకింగ్‌లో చేరిన తేదీ, వచ్చిన ఈమెయిళ్లు, అన్నీ. లెటర్‌లో సెంటిమెంట్ వద్దు. ఏ తేదీన దరఖాస్తు పెట్టావు, ఏ తేదీన అక్కడికి చేరింది, ఎప్పటికి వస్తుందని చెప్పారు, రాగానే పంపిస్తానని నాలుగు వాక్యాలు చాలు. ఒప్పుకోవడం ఆఫీసర్ చేతిలో ఉంటుంది, గ్యారంటీ నేను ఇవ్వలేను. కానీ ఐటీఏ వచ్చిన మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టినట్టు రసీదులో కనిపిస్తే, 50వ రోజున పెట్టినవాళ్ల కంటే నీ మాట బలంగా నిలుస్తుంది. అందుకే ముందు నుంచీ ఈ వారం, ఈ వారం అని పోరుతున్నాను.

60 రోజుల్లో అసలే సాధ్యం కాదని తేలితే గడువు దాటనివ్వకుండా ఐటీఏని నువ్వే డిక్లైన్ చేయి. అప్పుడు ప్రొఫైల్ మళ్లీ పూల్‌లోకి, అంటే ఆహ్వానం కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలోకి, వెళ్తుంది. ఊరికే వదిలేస్తే కొత్త ప్రొఫైల్ పెట్టుకోవాల్సి వస్తుంది. నీకు అంతదూరం రాదనే అనుకుంటున్నాను.

స్కాన్ రంగుల్లో చేయి, వెనక వైపు ముద్ర ఉంటే అది కూడా. రేపు వెళ్లేముందు ఇద్దరూ చేతులు శుభ్రంగా కడుక్కుని వెళ్లండి. కార్డు చేతికిచ్చాక బొటనవేలి ముద్ర వెలుతురులో చూసుకోండి. బాగాలేకపోతే మొహమాటం లేకుండా అక్కడే ఇంకో కార్డు అడగండి.