శ్రీశైలం–సాగర్ మోడల్: లీనియర్ ప్రోగ్రామింగా, జెనెటిక్ అల్గారిథమా?

కృష్ణాతీరం: శ్రీశైలం, నాగార్జునసాగర్ కలిపి, ఏ నెల ఎంత నీరు వదలాలో తేల్చే మోడల్ కడుతున్నాం. 40 ఏళ్ల ఇన్‌ఫ్లో (జలాశయాల్లోకి వచ్చిన నీటి) లెక్కలు ఉన్నాయి. సాగునీటి కొరత తగ్గాలి, కరెంటు పెరగాలి. ఎల్పీనా (అన్నీ సరళ సమీకరణాలుగా రాసి ఉత్తమ జవాబు తేల్చే లీనియర్ ప్రోగ్రామింగ్), జీఏనా (జవాబులను తరతరాలుగా కలిపి, మార్చి మెరుగుపరిచే జెనెటిక్ అల్గారిథమ్)?

గణకుడు: ఎల్పీయే. 2 జలాశయాలు, 12 నెలలు, 40 ఏళ్లు అంటే 960 విడుదలలు. సాల్వర్ (లెక్క తేల్చే సాఫ్ట్‌వేర్) సెకన్లలో తేల్చేస్తుంది, ఇంతకన్నా మంచి జవాబు లేదని రుజువు కూడా ఇస్తుంది. జీఏ 500 తరాలు నడిపినా సీడ్ (యాదృచ్ఛిక ఎంపికలకు ఇచ్చే మొదటి అంకె) మారిస్తే జవాబు మారుతుంది. 10 సీడ్లతో నడిపి చూడండి, మీకే తెలుస్తుంది.

పవర్‌హౌస్: కరెంటును ఎల్పీలో ఎలా పెడతారు? ఉత్పత్తి అంటే ప్రవాహం, హెడ్ (నీరు పడే ఎత్తు)ల గుణకారం. 90 శాతం సామర్థ్యంతో 1 టీఎంసీకి 80 మీటర్ల హెడ్ మీద 56 లక్షల యూనిట్లు, 100 మీటర్ల మీద 69 లక్షలు. హెడ్ స్థిరమని వేసుకుంటే మట్టం నిలబెట్టుకోవడంలో మోడల్‌కు లాభమే కనిపించదు. 960 చలరాశులు జీఏకి ఇవ్వకూడదన్నది నిజమే. రూల్ కర్వ్ ఇవ్వండి: ఒక్కో జలాశయానికి నెలకో లక్ష్య మట్టం చొప్పున మొత్తం 24. ఒక్కో కర్వ్‌ను 40 ఏళ్ల మీద సిమ్యులేట్ చేసి మార్కులు వేయాలి. ఎన్‌ఎస్‌జీఏ-2 (ఒకటికి మించిన లక్ష్యాలను ఒకేసారి చూసే జీఏ రకం) అయితే సాగుకూ కరెంటుకూ మధ్య ఉన్న బేరమంతా ఒకే గ్రాఫులో కనిపిస్తుంది.

గణకుడు: హెడ్‌కు విడతల ఎల్పీ ఉంది, అంటే ముందు వచ్చిన జవాబు దగ్గర లెక్కను సరళం చేసి ఎల్పీని మళ్లీ మళ్లీ నడపడం. ఉత్పత్తిని ప్రవాహం, నిల్వ రెండింటితోనూ మారే సరళరేఖగా రాయాలి. ప్రవాహపు పదం ఒక్కటే పెడితే మీరు చెప్పిన తప్పే వస్తుంది. విడతకు నిల్వ 5 టీఎంసీకి మించి కదలకుండా హద్దు పెట్టకపోతే జవాబు ఊగిసలాడుతుంది.

పవర్‌హౌస్: విడతలు మొదలయ్యాక మీ రుజువు పోయింది. దొరికేది దగ్గరలోని శిఖరం మాత్రమే, అన్నిటికన్నా మంచి జవాబు కాకపోవచ్చు.

గణకుడు: మీ జీఏకి ఆ శిఖరం కూడా దొరకదు.

తూము: 40 ఏళ్లనూ ఒకేసారి చూసే ఎల్పీకి రాబోయే నీరు ముందే తెలుసు. 2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు వచ్చి, 885 అడుగుల పూర్తి మట్టం దాటి 896కి చేరింది. డ్యామ్ మీదున్న ఇంజినీరుకు సెప్టెంబరులో ఆ కబురు ఉండదు. (నెలవారీ సగటులో ఆ వరద తీవ్రత కనిపించదు కూడా, వరదకు వేరే మోడల్ కావాలి.) ఎస్‌డీపీ (స్టొకాస్టిక్ డైనమిక్ ప్రోగ్రామింగ్: రాబోయే నీటిని సంభావ్యతగా తీసుకుని నెలనెలా నిర్ణయించే పద్ధతి) చూడండి. ఒక్కో జలాశయం నిల్వకు 20 మెట్లు, ఇన్‌ఫ్లోకు 5 తరగతులు తీసుకుంటే నెలకు 2,000 స్థితులు. ల్యాప్‌టాప్ చాలు.

హంద్రీ: శ్రీశైలం కనిష్ఠ మట్టం ఎంత పెట్టారు?

కృష్ణాతీరం: 854 అడుగులు. గట్టి నిబంధనగా పెడితే 2002, 2003 లాంటి కరువేళ్లలో పరిష్కారం లేదని ఆగిపోతోంది. అందుకే దిగొచ్చు గానీ అడుగుకు 10 పెనాల్టీ అని పెట్టాం.

హంద్రీ: లక్ష్యాల లెక్కలో కరెంటుకు ఎంత బరువు (ప్రాధాన్యం) ఇచ్చారు? దాని పక్కన 10 చిన్నదైతే 854 కిందికి దిగడం మోడల్‌కు చవక. శ్రీశైలం నుంచి రాయలసీమ కాలువకు నీరు వదిలే పోతిరెడ్డిపాడు తూము మట్టం 841 అడుగులు. నీరు దిగేకొద్దీ ఆ తూము లాగేది తగ్గిపోతుంది. మీరు కాలువ సామర్థ్యం ఒకే అంకెగా వేసుంటారు. అంటే సీమకు అందని నీరు అందినట్టు లెక్కలో చూపించి, ఆ నీటితో కరెంటు తీస్తున్నారు. ఇన్ని పోస్టులు నడిచాయి, ఒక్కరూ ఇది అడగలేదు.

పవర్‌హౌస్: శ్రీశైలానికి మొదట అనుమతి వచ్చిందే జలవిద్యుత్ ప్రాజెక్టుగా. టర్బైన్ల నుంచి దిగిన నీరు పారబోత కాదు, కింద సాగర్ ఆయకట్టుకే చేరుతుంది. ఆ రైతులు రైతులు కారా?

హంద్రీ: రైతులే. ఎవరు ముందన్నది మోడల్‌లోని పెనాల్టీ అంకె తేల్చేస్తోంది, అదే నా అభ్యంతరం. కనిష్ఠ మట్టం 1996 ప్రభుత్వ ఉత్తర్వులో 834, 2004లో 854. రెండు రాష్ట్రాలు పోట్లాడుకుంటున్న అంకెను సాల్వర్ సెట్టింగులో దాచకండి.

గణకుడు: అయితే బరువులు తీసేయండి. ముందు తాగునీటి కొరత తగ్గించి, వచ్చిన ఫలితాన్ని నిబంధనగా బిగించండి. తర్వాత సాగు, ఆ తర్వాత కరెంటు.

పవర్‌హౌస్: తాగునీరు ముందన్నదానికి పేచీ లేదు. మిగతా వరుస ఎవరు రాశారు? గ్రాఫు మొత్తం చూపించండి, ఎంచుకునేవాళ్లు ఎంచుకుంటారు.

కృష్ణాతీరం: హంద్రీ గారు చెప్పినట్టు కాలువ సామర్థ్యం ఒకే అంకెగానే వేశాం, తప్పే. 841 నుంచి 885 దాకా అడుగుకొకటిగా తూము ప్రవాహ పట్టిక పెడతాం. కనిష్ఠ మట్టం 834, 841, 854 మూడింటితో విడివిడిగా నడిపి, సీమకు, సాగర్‌కు, కరెంటుకు ఎంతెంత వస్తుందో ఇక్కడే పెడతాను.

హంద్రీ: కరువేళ్లు విడిగా పెట్టండి. 40 ఏళ్ల సగటు నాకొద్దు.