ఫ్రీ పాస్కల్‌లో మొత్తం మైనస్‌లో వస్తోంది, కంపైలర్ బగ్గా?

ఆదోని నుంచి: అన్నా, మా నాయన పత్తి కమీషన్ లెక్కల ప్రోగ్రాం డాస్ కాలంలో టర్బో పాస్కల్‌లో (అప్పటి పాస్కల్ భాష కంపైలర్) రాసుకున్నాడు. దాన్నే ఇప్పుడు ఫ్రీ పాస్కల్‌లో (అదే భాషకు ఉచిత కంపైలర్) కంపైల్ చేస్తే ఒక్క ఎర్రర్ లేదు. తూకం మొత్తం 32,767 దాటితే చాలు, మైనస్‌లోకి పోతోంది. బగ్ రిపోర్ట్ పెట్టాలా?

కడప: పెట్టొద్దప్పా, నవ్వుతారు. మోడ్ (ఏ రకం పాస్కల్‌గా చదవాలో) చెప్పకపోతే ఫ్రీ పాస్కల్‌లో ఇంటీజర్ (పూర్ణాంకాల రకం) 16 బిట్లే, 32,767 దాకే పడుతుంది, టర్బోలో మాదిరే. డెల్ఫీ (ఇంకో రకం పాస్కల్) మోడ్ పెట్టు, 32 బిట్లు అవుతుంది.

అనంతపురం: మోడ్ జోలికి పోవద్దు సామీ! పాత డేటా ఫైల్లో ఒక్కో ఇంటీజర్ 2 బైట్లు. డెల్ఫీ మోడ్‌లో 4 చదివితే రైతు పేరు మధ్యలో బస్తాలు తేలతాయి. తూకం మొత్తం దాచే వేరియబుల్ ఒక్కటే లాంగ్‌ఇంట్ (32 బిట్ల పూర్ణాంకం) చెయ్యి. రికార్డుకు (ఒక్కో రైతు వివరాల కట్ట) ముందు ప్యాక్డ్ అనే మాట తగిలించు, లేకుంటే వివరాల మధ్య ఖాళీ బైట్లు దూరతాయి.

ఆదోని: సరిపోయిందన్నా. ప్యాక్డ్ లేకుండా చూస్తే నిజంగానే పేర్లు చెల్లాచెదురు!