అన్ని కాలాల్లోకీ గొప్ప కంట్రీ పాట ఏది? ఒక్కటి తేల్చడానికి సాయం చేయండి

అమెరికన్ కంట్రీ సంగీతం బాగా విన్నవాళ్ల సలహా కావాలి. వడపోతలో మూడు పాటలు మిగిలాయి: హ్యాంక్ విలియమ్స్ ‘ఐయామ్ సో లోన్సమ్ ఐ కుడ్ క్రై’ (1949), ప్యాట్సీ క్లైన్ ‘క్రేజీ’ (1961), జార్జ్ జోన్స్ ‘హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే’ (1980).

చిక్కంతా దేనితో కొలవాలన్న దగ్గరే. చార్టులు, అంటే పాటల ఆదరణ ర్యాంకుల జాబితాలు చూస్తే జోన్స్ పాట కంట్రీలో మొదటి స్థానానికి వెళ్లింది, ‘క్రేజీ’ రెండు దగ్గర ఆగింది. హ్యాంక్ పాట రికార్డుకు రెండో వైపున, అంటే ప్రధాన పాట లేని వైపున వచ్చింది కాబట్టి ఆ కొలత దానికి అన్యాయమే.

పాటనీ గొంతునీ విడదీయడం ఇంకా కష్టం. ‘క్రేజీ’ రాసింది విల్లీ నెల్సన్. మూడే కార్డ్‌లతో (chords, కలిపి మోగించే స్వరాల గుంపులు) నడిచే మామూలు కంట్రీ పాట కాదది, స్వరాలు దూరదూరంగా దూకుతాయి. హ్యాంక్ పాటలో పల్లవే లేదు, మూడు మాత్రల నడకలో నాలుగు చరణాలు, అంతే. అయినా 1973లో హొనొలులులో ఎల్విస్ ప్రెస్లీ పాడితే చెక్కుచెదరలేదు. జోన్స్ పాట మాత్రం ఆయన గొంతు లేకపోతే సగమైపోతుందేమో. పాటలోని మనిషి చనిపోయాకే ప్రేమించడం మానాడని మధ్యలో తెలుస్తుంది, తర్వాత ఒక చరణాన్ని జోన్స్ పాడకుండా మాటల్లో చెబుతాడు. కథనంలో దానికి సాటి లేదు. 1980, 1981 రెండేళ్లూ సీఎంఏ (కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్) అవార్డుల్లో ఉత్తమ గీతం అదే.

ఇక్కడ రచనకు ఎక్కువ మార్కులు వేయాలా, రికార్డింగుకా? డాలీ పార్టన్ ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ 1974లో, మళ్లీ 1982లో కంట్రీ చార్టులో మొదటి స్థానంలో నిలిచింది. దాన్ని వదిలేయడం తప్పా? పాట పేరుతో పాటు ఏ రికార్డింగో, ఏ చరణం మిమ్మల్ని ఒప్పించిందో కూడా రాయండి.