సీనియర్ ఇయర్‌లో ఏపీ స్టాటిస్టిక్స్ ఒక్కటే సరిపోతుందా, కాలిక్యులస్ తప్పదా?

ఫ్రిస్కో అమ్మ:
అందరికీ నమస్కారం. మా పాప ఆగస్టులో 12వ గ్రేడ్‌లోకి వెళ్తుంది. ప్రీకాలిక్యులస్ ఈ ఏడాదితో అయిపోతుంది, గ్రేడ్లు బాగానే ఉన్నాయి. పబ్లిక్ హెల్త్ చదవాలని తన కోరిక. లెక్కల్లో ఏపీ స్టాటిస్టిక్స్ ఒక్కటే తీసుకుంటానంటోంది (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, స్కూల్లోనే కాలేజీ స్థాయి కోర్సు). మా వారేమో కాలిక్యులస్ లేకపోతే అడ్మిషన్లవాళ్లు చిన్నచూపు చూస్తారని పట్టుబడుతున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ, దానికి ఒకటే టెన్షన్. శుక్రవారం లోపు కోర్సుల ఫారం ఇవ్వాలి. మీ పిల్లలకు ఏం తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు కాస్త చెప్పండి.

ప్లేనో నాన్న:
మీ వారి మాటే నా మాట అండి. స్టాండర్డ్ డీవియేషన్, ప్రాబబిలిటీ, బైనామియల్, పాయిజాన్ ఇవన్నీ మనం ఇంటర్ సెకండియర్ 2ఏ పేపర్లో రెండు మూడు చాప్టర్లలో చదివేశాం. దానికి ఏడాది పొడుగునా క్లాసు ఎందుకు? పైగా చేతికి గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ఇస్తారు, ఫార్ములా షీటు కూడా ఇస్తారు. ఇక పిల్ల చేసేదేముంది?

ఇంకో మాట. పదిహేడేళ్ల వయసులో అనుకున్న మేజరే చివరిదాకా ఉంటుందని గ్యారంటీ లేదు. రేపు ఎకనామిక్స్ వైపో, కంప్యూటర్ సైన్స్ వైపో మనసు మళ్లితే కాలిక్యులస్ అడుగుతారు. అప్పటికప్పుడు మొదటి సెమిస్టర్‌లో కొత్తగా మొదలెట్టడం ఎంత కష్టమో చూశాను.

లెక్కల టీచరమ్మ:
నేను ఇక్కడ హైస్కూల్లో ఈ రెండు కోర్సులూ చెప్తాను. మేజర్ మారడం గురించి ప్లేనో నాన్నగారు అన్నది నిజం. కానీ "చేసేదేముంది" అన్నదానికి మాత్రం గట్టిగా అడ్డు చెప్పాలి.

మనం ఇంటర్‌లో చేసింది లెక్క. ఈ కోర్సులో లెక్క కాలిక్యులేటర్ చేస్తుంది, అందుకే దానికి పెద్దగా మార్కులుండవు. మా క్లాసులో ఇచ్చే ప్రశ్న ఒకటి చెప్తాను చూడండి. 2,000 మంది పిల్లలున్న స్కూలు. లాటరీ పద్ధతిలో 100 మందిని ఎంచి "ఉదయం స్కూలు ఆలస్యంగా మొదలవ్వాలా?" అని అడిగితే 58 మంది అవునన్నారు. స్కూల్లో సగం కంటే ఎక్కువ మంది ఇదే కోరుకుంటున్నారని చెప్పొచ్చా?

కాలిక్యులేటర్‌లో రెండు మీటలు నొక్కితే జడ్ విలువ (సగానికి ఎంత దూరంలో ఉన్నామో చెప్పే కొలత) 1.6, పీ విలువ సుమారు 0.055 వస్తాయి. పీ విలువ 0.05 కంటే తక్కువైతేనే ఆధారం చాలినంత ఉందనడం మామూలు పద్ధతి. అసలు పని అక్కడే మొదలవుతుంది. లెక్కల్లో చురుకైన పిల్లలే తరచూ ఇలా రాస్తారు: "సగం మందే కోరుకుంటున్నారనడానికి 5.5 శాతం అవకాశం ఉంది." అది తప్పు. రాయాల్సింది ఇది: నిజంగా సగం మందే కోరుకుంటుంటే, ఇలా ఎంచిన 100 మందిలో 58 గానీ అంతకు మించి గానీ అవునని చెప్పే అవకాశం సుమారు 5.5 శాతం. తర్వాత ముగింపు దగ్గర ఇంకో తప్పు: "0.05 దాటింది కాబట్టి సగం మందే కోరుకుంటున్నారు" అంటారు. కాదు. సగం దాటారని నమ్మడానికి తగిన ఆధారం దొరకలేదు, అంతవరకే అనాలి. ఈ రెంటికీ తేడా పట్టుకోవడానికి మంచి విద్యార్థులకే నెలలు పడుతుంది.

అంతకుముందే ఇంకోటి చూసుకోవాలి. 100 మందిని లాటరీలో కాకుండా ఉదయం మొదటి పీరియడ్‌కు ఆలస్యంగా వచ్చినవాళ్ల నుంచి తీసుకుంటే? అప్పుడు ఏ ఫార్ములా వేసినా ఆ జవాబు స్కూలు మొత్తానికి వర్తించదు. పరీక్షలో సగం మార్కులు ఇలాంటి రాత జవాబులకే. పబ్లిక్ హెల్త్ చదవాలనుకునే పిల్లకు ఇంతకంటే పనికొచ్చే క్లాసు హైస్కూల్లో నాకైతే కనిపించలేదు. రేపు ఒక మందు పనిచేసిందా లేదా అని పేపర్ చదివేటప్పుడు తను చూడాల్సింది ఇదే కదా.

ఇంజనీరింగ్ సెకండియర్:
ఆంటీ, ఏపీ స్కోరు చూసి కాలేజీ ఇచ్చే క్రెడిట్ గురించి ఒక మాట. నాకు ఏపీ స్టాట్స్ పరీక్షలో 5కి 5 వచ్చింది. కానీ మా డిపార్ట్‌మెంట్‌కు కాలిక్యులస్‌తో చేసే ప్రాబబిలిటీ కోర్సు కావాలి, అందుకని నా క్రెడిట్‌ను ఎలెక్టివ్‌గానే లెక్కేశారు. సైకాలజీ చదివే నా ఫ్రెండ్‌కు అదే స్కోరుతో మెయిన్ కోర్సు చదవాల్సిన అవసరమే లేకపోయింది. టెక్సాస్‌లో పబ్లిక్ యూనివర్సిటీలు మామూలుగా 3 వస్తే క్రెడిట్ ఇవ్వాలని 2015లో చట్టం చేశారు. కానీ క్రెడిట్ రావడం వేరు, అది మీ మేజర్‌కు పనికిరావడం వేరు. ఇది ముందే తెలిస్తే మంచిది.

ప్లేనో నాన్న:
టీచరమ్మగారూ, మీ ఉదాహరణ బాగుంది. చివరి ముక్క నాకు కొత్తే. అయినా ఒకటి అడుగుతాను. స్టాటిస్టిక్స్ అంటే మన తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది సి.ఆర్.రావు గారు. ఆయన ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్‌లో ఎం.ఎ. చేసి, ఆ తర్వాతే కలకత్తా వెళ్లి స్టాటిస్టిక్స్ పట్టుకున్నారు. 1945లో ఆయన పేరు నిలబెట్టిన ఆ సిద్ధాంతం (క్రామర్-రావు) కాలిక్యులస్‌లో వచ్చే డెరివేటివ్‌లు లేకుండా అర్థమవుతుందా? పునాది లేకుండా పై అంతస్తు కట్టొద్దనే నేను అంటున్నది.

లెక్కల టీచరమ్మ:
రావుగారు సిద్ధాంతాలు కట్టినవారు. అలాంటి పని చేయాలనుకునే పిల్లకు నేనూ కాలిక్యులస్ ముందు అనే చెప్తాను. అందుకే ఫ్రిస్కో అమ్మగారు పాపను ఒక విషయం అడగాలి. పబ్లిక్ హెల్త్‌లో రెండు దారులున్నాయి. కమ్యూనిటీ ప్రోగ్రాములు, పాలసీ, హెల్త్ ఎడ్యుకేషన్ వైపైతే స్టాటిస్టిక్స్ చదివి అర్థం చేసుకోవడం రావాలి, కాలిక్యులస్ అవసరం తక్కువ. బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య డేటాను స్టాటిస్టిక్స్‌తో విశ్లేషించడం) వైపైతే మాస్టర్స్‌కు మల్టీవేరియబుల్ కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా అడుగుతారు. ఆ ఆలోచన కాస్త ఉన్నా కాలిక్యులస్ వదలకండి.

అడ్మిషన్ల సంగతంటారా, పేరున్న కాలేజీలు కాలిక్యులస్‌ను బరువుగా చూస్తాయన్నది నిజమే. ఆ పద్ధతి నాకు నచ్చదు. ఇంజనీర్ కాబోని పిల్లలను కూడా అప్లికేషన్ కోసమే ఆ క్లాసులో కూర్చోబెడుతున్నాం. పేపర్లో వచ్చే సర్వే చదివి ఇది నమ్మొచ్చా అని అడగడం రాకుండానే చాలామంది గ్రాడ్యుయేట్ అవుతున్నారు. నాకు బాధగా ఉంటుంది.

బే ఏరియా నాన్న:
మా కాలిఫోర్నియాలో ఇదే గొడవ ఇంకో రూపంలో జరిగింది. ఆల్జీబ్రా 2 మానేసి దాని బదులు డేటా సైన్స్ చదివితే సరిపోతుందని కొన్నాళ్లు నడిచింది, 2023లో యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) వాళ్లు వెనక్కి తీసుకున్నారు. మీ పాప ఆల్జీబ్రా 2, ప్రీకాల్ రెండూ దాటింది కాబట్టి ఆ భయం లేదు. మా అబ్బాయి ఏబీ (ఏపీ కాలిక్యులస్ ఏబీ), స్టాట్స్ రెండూ ఒకే ఏడాది చేశాడు.

ఫ్రిస్కో అమ్మ:
అందరికీ చాలా థాంక్స్ అండి. బయోస్టాటిస్టిక్స్ అంటే ఏంటో పాపకు అసలు తెలియదట, ఇప్పుడు కూర్చుని చూస్తోంది. ఏబీ, స్టాట్స్ రెండూ అంటే మోయగలదా? ఏపీ ఇంగ్లిష్, ఏపీ బయాలజీ ఇప్పటికే ఉన్నాయి.

లెక్కల టీచరమ్మ:
రెండూ కలిపి తీసుకునేవాళ్లు ఏటా నా క్లాసులో ఉంటారు. ఏబీలో రోజూ ప్రాక్టీసు, స్టాట్స్‌లో రాత. మీ పాపకు ఇంగ్లిష్, బయాలజీ కూడా ఉన్నాయంటే రాత పని బాగా ఎక్కువవుతుంది. బయాలజీ తీసేయొద్దు, తన దారికి అది కావాలి. నాలుగూ కష్టమనిపిస్తే ఇంగ్లిష్‌ను మామూలు క్లాసుకు మార్చడం గురించి కౌన్సెలర్‌ను అడగండి. శుక్రవారం లోపు తను అప్లై చేయబోయే రెండు మూడు యూనివర్సిటీల డిగ్రీ ప్లాన్ తెరిచి, ఏ మ్యాథ్ కోర్సు, ఏ స్టాటిస్టిక్స్ కోర్సు అడుగుతున్నారో చూసుకోండి. మీ వారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.