గొర్రెకీ మేకకీ చిప్ ట్యాగ్, మంద కదిలితే ఎంట్రీ: మన డెల్టాలో కుదిరే పనేనా?

లంకమేకలు:
మాది కోనసీమలో గోదావరి పక్క లంక. పద్నాలుగు మేకలున్నాయి. రైతు సేవా కేంద్రం పిల్లాడు వచ్చి అన్నిటికీ చెవి ట్యాగ్ వేస్తామన్నాడు. ఇప్పుడు వేసేది మామూలు ప్లాస్టిక్కే, గేదెలకి వేసే పసుప్పచ్చదే, 12 అంకెలు. ముందుముందు చిప్ ఉన్నది వస్తుందనీ, ఎటు తోలినా ఎవరికి అమ్మినా ఫోన్‌లో ఎక్కించాలనీ అంటున్నాడు. అది నిజమో కాదో పక్కన పెట్టండి. వస్తే మంచిదా కాదా?

నా మట్టుకు నాకు మంచిదే అనిపిస్తోంది. నిరుడు దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక గట్టు అవతల చేలల్లో ఎక్కడిదో మంద దిగింది. పది రోజులు తిరిగేసరికి మా పేటలో మేకలకి ముక్కు కారడం, నోట్లో పుండ్లు, ఒకటే పారుడు. పారుడు రోగం అని డాక్టరుగారు చెప్పేలోపు ఆరు పోయాయి. ఆ మంద ఎటు నుంచి వచ్చింది, దారిలో ఏయే ఊళ్లలో దిగింది అని ఆయన అడిగితే చెప్పేవాడు లేడు. మంద కూడా అప్పటికే వెళ్లిపోయింది.

మందవెంట:
అన్నా, రోగం మంద తెచ్చిందో మీ మేకలే మందకి అంటించాయో మీకెలా తెలిసింది? మేం మెట్ట వాళ్లం. మా నాన్న, పెదనాన్న కలిసి మూడొందల చిల్లర జీవాలతో ఏటా కోతలయ్యాక డెల్టాలోకి దిగుతారు. రమ్మని పిలిచేది మీ రైతులే, పెంట కోసం రాత్రికింత అని ఇచ్చి మంద కట్టించుకుంటారు. రెండు రాత్రులు ఒకరి చేలో, మూడో రాత్రి ఇంకొకరి చేలో. పైగా ఆ రోజుల్లో కాలువలకి నీళ్లు ఆపేస్తారు కాబట్టి నీళ్లు ఏ చెరువులో ఉంటే అటు పోవాలి, పొద్దున అనుకున్న దారి సాయంత్రానికి ఉండదు. దీనికంతా ఎంట్రీ కొట్టమంటే మా నాన్న గొర్రెలు కాస్తాడా, ఫోన్ కాస్తాడా? ఆయనది బటన్ల ఫోను.

ట్యాగ్ తుమ్మ కంపకి తగులుకుంటే చెవి చీలిపోతుంది. వానల్లో వేశారా, పుండు పడి పురుగులు పడతాయి. చెవి గాటు, రంగు గుర్తు మాకు చాలు. ఏ పిల్ల ఏ తల్లిదో మా నాన్న చీకట్లో అరుపు విని చెబుతాడు.

తణుకు నుంచి ఇంగ్లండ్:
మీ నాన్నగారికి తెలుసు బాబూ, కాదనను. ఆయనకి తెలిసింది డాక్టరుకి తెలియదు కదా, గొడవంతా అక్కడే.

ఇక్కడ 2001లో ఏం జరిగిందో చెబుతాను. గాలికుంటు (నోట్లో, గిట్టల్లో పుండ్లు పడే అంటురోగం) ఫిబ్రవరి 20న బయటపడింది. మొదలైంది ఓ పందుల ఫారంలో. పక్క ఫారం గొర్రెలకి అంటుకుంది, వాటిని హెక్సమ్ సంతకి తోలారు, అక్కణ్నుంచి లాంగ్‌టౌన్ సంత, అక్కణ్నుంచి దేశమంతా. ఆవుకి గాలికుంటు వస్తే నోరు చూసి చెప్పేయొచ్చు. గొర్రె కాస్త కుంటుతుంది, ఒక్కోసారి అదీ ఉండదు. కదలికలు ఆపమని 23న ఆర్డర్ వచ్చేటప్పటికి ఎన్ని చోట్లకి చేరిందో ఎవరికీ లెక్క లేదు. ఆఖరికి 60 లక్షలకు పైగా జీవాల్ని చంపేశారు, రోగం లేనివి కూడా, చుట్టుపక్కల ఉన్న పాపానికి. ఆ దెబ్బకే ఐరోపా యూనియన్ అంతటికీ రూల్ పెట్టారు, గొర్రెలకి ఎలక్ట్రానిక్ ట్యాగ్ 2010 నుంచి తప్పనిసరి. ఇంగ్లండ్‌లో ఎక్కడికైనా తోలితే మూడు రోజుల్లో చెప్పాలి. కొత్త జీవం వచ్చిందంటే ఆరు రోజులు ఆ ఫారం నుంచి మరేదీ కదలకూడదు. రైతులు ఒప్పుకున్నారా అంటే, తిట్టుకున్నారు. జర్మనీలో ఓ గొర్రెల రైతు కోర్టుకెక్కాడు. 2013లో ఐరోపా న్యాయస్థానం రూలు సబబేనని తేల్చింది.

మందవెంట:
ఆరు రోజులు కదలకూడదా? ఆరు రోజులు ఒక్క చేలో ఉంచితే గొర్రెలు మట్టి తినాలి. వాళ్లకి కంచె ఉన్న సొంత పచ్చిక ఉంది గురూగారూ. మాకున్నది దారి.

కౌజుపిట్ట:
ఎవరూ దొంగల మాట ఎత్తరేం? మా ఊళ్లో కార్లో వచ్చి రెండు మేకపోతుల్ని ఎక్కించుకుపోయారు. చిప్ ఉంటే ఫోన్‌లో చూసి పట్టుకునేవాళ్లం కదా.

పశువుల చదువు:
పట్టుకోలేరండి. అందరూ ఇక్కడే పొరబడుతున్నారు. చెవి చిప్‌లో బ్యాటరీ ఉండదు, జీపీఎస్ ఉండదు. రీడర్ దగ్గర పెడితేనే నంబరు చెబుతుంది, అదీ మూరెడు దూరంలో. దొంగ చెవి కోసేస్తే అదీ పాయె. చెవి చీలుతుందనుకుంటే కొన్ని దేశాల్లో పింగాణీ గుళికలో చిప్ పెట్టి మింగిస్తారు, పొట్టలోనే ఉండిపోతుంది. మెడకి కట్టే జీపీఎస్ వేరే వస్తువు, మూడొందల గొర్రెలకి ఎవరూ కట్టలేరు.

వరదబాధితుడు:
నేను ట్యాగ్ వేయించినవాణ్నే, వినండి. ఇన్సూరెన్స్ కోసం వేయించాను. 2022 జులై వరదకి తొమ్మిది మేకలు కొట్టుకుపోయాయి. క్లెయిమ్‌కి వెళితే ట్యాగ్ తెచ్చివ్వండి అన్నారు. ట్యాగ్ మేక చెవికుంది, మేక అంతర్వేది దాటి సముద్రంలో ఉంది, నేనెక్కణ్నుంచి తేను? ఫొటోలు చూపించాను, సర్పంచ్‌తో రాయించాను, నాలుగుసార్లు తిరిగి వదిలేశాను. నంబరు మా పేరున ఆన్‌లైన్‌లో ఉంది కదా అంటే, ఉంటే ఏంటి అన్నాడండి. ఉంటే ఏంటో నాకూ తెలియలేదు.

కౌజుపిట్ట:
ఆయ్, అది మాత్రం కరెక్టు. తెలంగాణ గొర్రెల పంపిణీలో చూశాంగా, గొర్రెల్ని తోలిన బండ్లని రాసిన నంబర్లు తీస్తే బైకులు, ఆటోలు, అంబులెన్సులు అని కాగ్ (సర్కారు లెక్కలు తనిఖీ చేసే సంస్థ) బయటపెట్టింది. అంబులెన్సులో గొర్రెలు! చిప్ పెట్టినా ఎక్కించేది మనిషే కదా.

పశువుల చదువు:
అందుకే మంద పడుకున్న ప్రతి చేనూ రాయమనకూడదు. అలా రాయమంటే మూడో రోజు నుంచి అబద్ధాలే రాస్తారు. మెట్ట దిగేటప్పుడు ఒకసారి, జిల్లా మారితే ఒకసారి, సంతలో అమ్మితే ఒకసారి. మందంతటికీ కలిపి ఒకే ఎంట్రీ, అదీ కాపరి కాదు, పశువుల ఆసుపత్రి వాళ్లు కొట్టాలి. దిగే ముందు పారుడు రోగానికి టీకా వేసి ట్యాగ్ నంబరు మీదే ఎక్కిస్తే చాలావరకు తీరుతుంది, ఒక టీకా మూడేళ్లు కాస్తుంది.

మందవెంట:
టీకాకి మేం ఎప్పుడు వద్దన్నాం? వస్తే వేయించుకుంటాం. మేం ఊళ్లో ఉన్న నెలల్లో మందు రాదు, మందు వచ్చేటప్పటికి మేం మీ చేలల్లో ఉంటాం. ఏ ఆసుపత్రికి పోయినా మీరు మా ఊరు కాదుగా అంటారు. ఆ నంబరు చూపిస్తే ఏ ఊళ్లోనైనా టీకా వేస్తామని రాసివ్వమనండి, రేపే మా నాన్నని ఒప్పిస్తాను.

లంకమేకలు:
తమ్ముడూ, ఆ మాట మీద నేనూ మీ వైపే. మంద మీదకి నెట్టేసినట్టు రాశాను, ఏమనుకోకు. ఎల్లుండి పిల్లాడు వస్తున్నాడు. ఆడమేకలకి వేయిస్తాను. పోతుపిల్లలకి వద్దంటాను, అవి దసరా దాకా ఉండవు.