పడిపోతారన్న భయంతో రక్తం పలచబరిచే మాత్ర ఆపేయొచ్చా?

పాకాల అబ్బాయి:
మా అమ్మకు 78. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. గుండె దడ అంటే ఈసీజీ తీయించినాము, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పే జబ్బు) అన్నారు. వాల్వులు బాగానే ఉన్నాయంట. పక్షవాతం రాకుండా రక్తం పలచబరిచే అపిక్సబాన్ మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని తిరుపతిలో డాక్టరు గారు రాసినారు. మొన్న బాత్రూములో జారి పడింది. పెద్ద దెబ్బేమీ కాదు. కానీ మా మామ "ఈ వయసులో ఆ మాత్రలేంది, మళ్ళా పడితే తలలో రక్తం కారదా? ఆస్పిరిన్ చాలు" అంటాడు. అమ్మ కూడా ఆయన మాటే పట్టుకుంది.

చిత్తూరు గాంధీరోడ్డు:
మామ మాటలో న్యాయం ఉంది. పక్షవాతం వస్తుందో రాదో ఎవరికీ తెలీదు, పడడం మాత్రం కళ్ళ ముందే జరిగింది. పల్లెలో అర్ధరాత్రి తలకు దెబ్బ తగిలితే స్కానింగుకు ఎవరు తీసుకుపోతారు?

చంద్రగిరి అక్క:
అన్నా, నేను ఒప్పుకోను. ఈ జబ్బులో గుండె పైగది సరిగా ముడుచుకోదు, వణుకుతుంది. అక్కడ ఒక మూల రక్తం నిలిచి గడ్డ కడుతుంది, అదే మెదడుకు పోతుంది. పక్షవాతం ముప్పు సుమారు 5 రెట్లు పెరుగుతుంది. డాక్టర్లు వేసే లెక్కలో 75 దాటితే 2 పాయింట్లు, బీపీకి 1, షుగరుకు 1. ఆ అమ్మకు 4 వచ్చేసినాయి. 2 ఉంటేనే మాత్ర మొదలుపెట్టమంటారు.

ఇక ఆస్పిరిన్. 2011లో వచ్చిన అవెరోస్ పరిశోధనలో, వార్ఫరిన్ (రక్తం పలచబరిచే పాత రకం మాత్ర) పడని 5,500 మందికి పైగా రోగుల్లో కొందరికి అపిక్సబాన్, కొందరికి ఆస్పిరిన్ ఇచ్చి చూసినారు. అపిక్సబాన్ వాడినవాళ్ళలో పక్షవాతం సగానికన్నా తగ్గింది. పెద్ద రక్తస్రావాలు మాత్రం ఇద్దరిలో దాదాపు ఒకటే. అంటే ఆస్పిరిన్‌తో రక్తం కారే భయం పోదు, కాపుదల పోతుంది. పడిపోవడం గురించి 1999లోనే లెక్కగట్టినారు: వార్ఫరిన్ వాడే పెద్దమనిషి ఏడాదికి దాదాపు 295 సార్లు పడితే తప్ప మాత్ర వల్ల నష్టం లాభాన్ని మించదని. తలలో రక్తస్రావం వార్ఫరిన్ కన్నా అపిక్సబాన్‌తో ఇంకా తక్కువ.

నన్నడిగితే అసలు ఆమె ఎందుకు పడిందో చూడాల. నాడి తగ్గించే మాత్ర ఎక్కువైందా? లేచి నిలబడితే బీపీ పడిపోతోందా? మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చిన బిళ్ళలు వేసుకుంటోందా? ఆ నొప్పి బిళ్ళలు రక్తస్రావాన్ని పెంచుతాయి. ఇంకో మాట, పడితే పుత్తూరు కట్టుకు పరుగెత్తే అలవాటు మనది. ఈ మాత్ర వాడే మనిషికి తల తగిలితే, పైకి బాగున్నా సరే, ముందు సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే.

పలమనేరు:
మా పిన్నికి కీళ్ళవాతం జ్వరం వల్ల మైట్రల్ వాల్వు సన్నబడింది. వార్ఫరిన్ లాంటి పాత రకం మాత్ర ఎసిట్రామ్ వాడుతోంది. రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్షకు తిరగలేక అలిసిపోతోంది. ఈ కొత్త మాత్రకు మారొచ్చా అక్కా?

చంద్రగిరి అక్క:
వద్దు! వాల్వు బాగా సన్నబడినవాళ్ళకు, లోహపు వాల్వు ఉన్నవాళ్ళకు పాత మాత్రే. కీళ్ళవాతపు గుండెజబ్బు ఉన్న 4,500 మంది మీద 2022లో ఇన్విక్టస్ పరిశోధన వచ్చింది. కొత్తరకం రివరోక్సబాన్ కన్నా పాత రకం వాడినవాళ్ళలోనే చావులు తక్కువ. మీ పిన్నికి ఐఎన్ఆర్ 2 నుంచి 3 మధ్య ఉండాల. ఆకుకూర ఈ పాత మాత్ర పనిని తగ్గిస్తుందని పూర్తిగా మానక్కరలేదు. ఒక వారం పూర్తిగా ఆపేసి, ఇంకో వారం దండిగా తింటేనే ఇబ్బంది.

చిత్తూరు గాంధీరోడ్డు:
ఆస్పిరిన్ మాట వెనక్కి తీసుకుంటాను. కానీ శనివారం ఒంటిపూట ఉండే ముసలమ్మ రోజుకు రెండుసార్లు తప్పకుండా వేసుకుంటుందా? నా అనుమానం అది.

చంద్రగిరి అక్క:
అది సరైన ప్రశ్న అన్నా. అపిక్సబాన్ అన్నం తినకపోయినా వేసుకోవచ్చు. రివరోక్సబాన్ అయితే అన్నంతోనే. పూట తప్పితే మాత్రం కాపుదల ఒక్క రోజులోనే పోతుంది, కాబట్టి డబ్బా ఎవరో ఒకరు చూసుకోవాల. తమ్ముడూ, అమ్మ బరువెంత? కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంత?

పాకాల అబ్బాయి:
52 కిలోలు. క్రియాటినిన్ 1.1.

చంద్రగిరి అక్క:
వయసు 80 లేదా అంతకు పైన, బరువు 60 లేదా అంతకు లోపు, క్రియాటినిన్ 1.5 లేదా అంతకు పైన, ఈ మూడింటిలో రెండుంటేనే అపిక్సబాన్ మాత్రను 5 మిల్లీగ్రాముల నుంచి 2.5కు తగ్గిస్తారు. అమ్మకు ఒకటే ఉంది. చీటీలో 5 ఉందా 2.5 ఉందా చూడు. 2.5 ఉంటే ఎందుకని డాక్టరు గారినే అడుగు. అంతవరకు మాత్ర ఆపొద్దు.